పాస్‌వర్డ్ కరెక్టే, డెస్క్‌టాప్ మాత్రం రాదు: లినక్స్‌లో లాగిన్, డిస్‌ప్లే చిక్కులను విడదీసి చూడటం

పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కుతారు, స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడుతుంది, మళ్లీ అదే లాగిన్ స్క్రీన్ వచ్చి కూర్చుంటుంది. తప్పు పాస్‌వర్డ్ అన్న మెసేజ్ కూడా ఉండదు. దీన్నే లాగిన్ లూప్ అంటారు. ఉబుంటు, మింట్, ఫెడోరా ఏది వాడేవాళ్లకైనా ఎదురు కావచ్చు. ఇది వచ్చినప్పుడు చాలామంది వెంటనే చేసే పని, పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్ఓ ఎక్కించి మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసేయడం. ఎక్కువ సందర్భాల్లో ఆ అవసరమే ఉండదు. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, సిస్టమ్ కూడా లోపల చాలావరకు బాగానే నడుస్తోంది, ఒక్క చోట మాత్రం పని ఆగిపోయింది. ఆ చోటు ఏదో తేల్చుకోకుండా నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ వరసపెట్టి కొడితే అసలు సమస్య పోకపోగా దాని మీద ఇంకోటి చేరుతుంది, ఆ తర్వాత దేనివల్ల ఏది పాడైందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ కనిపించే దాకా పని ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వస్తుంది. మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ గ్రబ్ అనే బూట్ ప్రోగ్రామ్‌ను లేపుతుంది, గ్రబ్ లినక్స్‌కు మూలమైన కెర్నల్‌ను మెమరీలోకి ఎక్కిస్తుంది, కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్లను లోడ్ చేసుకుని సర్వీసులన్నిటినీ నడిపే సిస్టమ్‌డీకి పని అప్పగిస్తుంది, సిస్టమ్‌డీ మిగతా సర్వీసులతో పాటు డిస్‌ప్లే మేనేజర్‌ను కూడా మొదలుపెడుతుంది. మనం చూసే లాగిన్ స్క్రీన్ ఈ డిస్‌ప్లే మేనేజర్‌దే. గ్నోమ్ డెస్క్‌టాప్ ఉన్నచోట సాధారణంగా జీడీఎం, కేడీఈ ఉన్నచోట ఎస్‌డీడీఎం, మింట్‌లో లైట్‌డీఎం ఆ పని చేస్తాయి. పాస్‌వర్డ్ సరైనదా కాదా అని తేల్చేది మాత్రం అవి కావు, ప్యామ్ అనే వేరే వ్యవస్థ. ప్యామ్ సరే అన్నాక యూజర్ పేరు మీద కొత్త సెషన్ మొదలవుతుంది, హోమ్ ఫోల్డర్‌లోని సెట్టింగ్స్ ఫైళ్లు చదవడం జరుగుతుంది, ఆపైనే డెస్క్‌టాప్ వస్తుంది. లాగిన్ స్క్రీన్ దాకా వచ్చిందంటే కెర్నల్, సిస్టమ్‌డీ, డిస్‌ప్లే మేనేజర్ మూడూ తమ పని చేశాయన్నమాటే. తప్పు పాస్‌వర్డ్ అన్న మెసేజ్ లేకుండా వెనక్కి వచ్చిందంటే ప్యామ్ కూడా దాదాపుగా ఒప్పుకున్నట్టే. ఇంత సమాచారం స్క్రీన్ చూస్తేనే తెలిసిపోతోంది, ఇంకా ఒక్క కమాండ్ కూడా కొట్టలేదు.

కాబట్టి ముందు అడగాల్సింది ఏది పాడైందని కాదు, చివరగా ఏది పని చేసిందని.

ఇంట్లో కరెంటు పోతే ముందు పక్కింట్లో లైటు వెలుగుతోందో లేదో చూసి, ఆ తర్వాతే ఫ్యూజు దగ్గరికి వెళ్తాం కదా, ఇక్కడ ఆ పక్కిల్లు వర్చువల్ కన్సోల్. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కీలు కలిపి నొక్కితే నల్లటి స్క్రీన్ మీద ఒట్టి అక్షరాలతో లాగిన్ అడుగుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వీటితో పాటు ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాలి. ఈ కన్సోల్‌కు డిస్‌ప్లే మేనేజర్‌తోనూ డెస్క్‌టాప్‌తోనూ పని లేదు, కెర్నల్ నడుస్తుంటే చాలు. అదే యూజర్ పేరు, అదే పాస్‌వర్డ్ ఇక్కడ పనిచేస్తే అకౌంట్‌కు ఏమీ కాలేదు, గ్రాఫికల్ సెషన్ మొదలయ్యే చోటే తేడా ఉందని తేలిపోతుంది. ఇక్కడ కూడా పాస్‌వర్డ్ తప్పంటే దారి వేరు. కీలు ఎన్నిసార్లు నొక్కినా కన్సోల్ రాకపోతే గ్రాఫిక్స్ డ్రైవరో కెర్నలో ఇరుక్కుపోయిందని అనుమానించాలి, అప్పుడు కూడా దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ముందే పెట్టుకుని ఉంటే ఇంకో కంప్యూటర్ నుంచి గానీ ఫోన్‌లోని టెర్మినల్ యాప్ నుంచి గానీ లోపలికి వెళ్లొచ్చు. సిస్టమ్ బాగున్నప్పుడే ఎస్ఎస్‌హెచ్ పెట్టి ఉంచుకోవడం ఎంత మేలో ఇలాంటి రోజున తెలుస్తుంది.

తెలుగులో సిస్టమ్ వాడేవాళ్లకు ఈ కన్సోల్ దగ్గర ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, దాని గురించి ఎక్కడా సరిగ్గా రాయరు. సిస్టమ్ భాష తెలుగు అని పెట్టుకుంటే కన్సోల్‌లో మెసేజ్‌లన్నీ తెల్లటి డబ్బాలుగానో వజ్రం గుర్తులుగానో కనిపిస్తాయి. కెర్నల్ కన్సోల్ ఫాంట్‌లో గరిష్ఠంగా 512 అక్షరరూపాలకే చోటుంది, ఒత్తులు, గుణింతాలు కలిపి పేర్చే పని దానికి అసలు చేతకాదు. సిస్టమ్ పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు. ఎల్ఏఎన్‌జీ, ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్ అనే రెండు వేరియబుల్స్‌ను సీ అని పెట్టుకుంటే ఆ సెషన్ వరకు మెసేజ్‌లు ఇంగ్లిష్‌లో వస్తాయి. హోమ్‌లోని డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ ఫోల్డర్ల పేర్లు తెలుగులో ఉంటే కన్సోల్‌లో వాటిని టైప్ చేయడం కుదరదు, కానీ ఎక్స్‌డీజీ యూజర్ డిర్ అనే కమాండ్‌కు డౌన్‌లోడ్ అని పెద్ద అక్షరాల్లో ఇస్తే ఆ ఫోల్డర్ దారి ఎంతో అదే చెబుతుంది, ఆ జవాబును నేరుగా సీడీ కమాండ్‌కు అందించొచ్చు.

పాస్‌వర్డ్ నిజంగానే తప్పంటుంటే

మరిచిపోవడం ఒక కారణం, కానీ అదొక్కటే కాదు. తెలుగు కీబోర్డు లేఅవుట్, ముఖ్యంగా ఇన్‌స్క్రిప్ట్, పెట్టుకున్న సిస్టమ్‌లో లాగిన్ స్క్రీన్ ఆ లేఅవుట్‌తోనే వచ్చిందనుకోండి, మనం కొడుతున్నది ఇంగ్లిష్ అక్షరాలే అనుకుంటాం, లోపల తెలుగు అక్షరాలు పడుతుంటాయి, పైకి మాత్రం అన్నీ చుక్కలే. స్క్రీన్ మూల లేఅవుట్ గుర్తు కోసం చూడాలి, సాధారణంగా సూపర్ కీ, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. గ్నోమ్‌లో అయితే పాస్‌వర్డ్ పెట్టె పక్కన కన్ను గుర్తు నొక్కి ఏం పడుతోందో చూడొచ్చు. ఇంకా తేలిక దారి, లిస్టులో లేని యూజర్ అన్న ఆప్షన్ ఎంచుకుని యూజర్ పేరు పెట్టెలో పాస్‌వర్డ్‌లోని రెండు మూడు అక్షరాలు కొట్టి చూడటం, అక్కడ చుక్కలు పడవు కాబట్టి క్యాప్స్ లాక్ సంగతి, నంబర్ కీల సంగతి కూడా అక్కడే బయటపడుతుంది.

ఇంకోటి, ఆర్చ్ లాంటి డిస్ట్రోల్లో మామూలుగా వచ్చే సెట్టింగ్ ప్రకారం వరసగా మూడుసార్లు తప్పు కొడితే అకౌంట్ 10 నిమిషాల పాటు లాక్ అవుతుంది, ఆ టైంలో సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఒప్పుకోదు. ఇది తెలియనివాళ్లు అప్పటిదాకా గుర్తున్న సరైన పాస్‌వర్డే తప్పేమో అనుకుని వేరేవి ప్రయత్నిస్తూ పోతారు. కాసేపు కంప్యూటర్ వదిలేసి టీ తాగి రావడమే దీనికి మందు, అన్ని హక్కులూ ఉండే రూట్ అకౌంట్‌తో వెళ్లగలిగితే ఫెయిల్‌లాక్ కమాండ్‌తో వెంటనే తీసేయొచ్చు.

నిజంగా మరిచిపోతే, ఉబుంటు, మింట్‌లలో బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కి గ్రబ్ మెనూ తెప్పించి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రికవరీ మోడ్, అందులో రూట్ షెల్ ఎంచుకోవాలి. అక్కడ పాస్‌డబ్ల్యూడీ కమాండ్‌కు యూజర్ పేరు ఇస్తే కొత్త పాస్‌వర్డ్ అడుగుతుంది. అథెంటికేషన్ టోకెన్ మానిప్యులేషన్ ఎర్రర్ అని వచ్చిందంటే డిస్క్ ఇంకా చదవడానికి మాత్రమే వీలుగా ఉందని అర్థం కావచ్చు, మౌంట్ కమాండ్‌తో రూట్ ఫైల్ సిస్టమ్‌ను రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి మళ్లీ కొట్టాలి. ఇలా మార్చాక డెస్క్‌టాప్ వస్తుంది గానీ, యాప్‌ల పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె లాంటి కీరింగ్ పాత పాస్‌వర్డ్ అడగడం మొదలుపెడుతుంది, ఎందుకంటే అందులో దాచిన పాస్‌వర్డ్‌లు పాత పాస్‌వర్డ్‌తోనే తాళం వేసి ఉన్నాయి, రూట్ మార్చినది అకౌంట్ పాస్‌వర్డ్‌ను మాత్రమే. పాతది గుర్తు లేకపోతే కీరింగ్‌ను పక్కనపెట్టి కొత్తది మొదలుపెట్టుకోవడం తప్ప దారి లేదు.

ఇంత తేలిగ్గా పాస్‌వర్డ్ మార్చగలగడం చూసి భయపడటం న్యాయమే. కంప్యూటర్ ముందు కూర్చోగలిగిన ఎవరైనా ఈ పని చేయగలరు. దీనికి జవాబు లాగిన్ పాస్‌వర్డ్ కాదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్‌ను లక్స్ అనే లినక్స్ పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసుకోవడం. ఆ పాస్‌ఫ్రేజ్ మరిచిపోతే మాత్రం ఏ రికవరీ మోడూ ఆదుకోదు.

లాగిన్ లూప్

కన్సోల్‌లో పాస్‌వర్డ్ పనిచేసింది, గ్రాఫికల్‌గా మాత్రం వెనక్కి తోస్తోంది. ఇక్కడ ముందుగా కొట్టాల్సింది డీఎఫ్ కమాండ్, హెచ్ ఆప్షన్‌తో. రూట్ పార్టిషన్ గానీ హోమ్ గానీ 100 శాతం నిండి ఉందేమో చూడాలి. సెషన్ మొదలవడానికి కొన్ని చిన్న చిన్న ఫైళ్లు రాయాలి, రాయడానికి చోటు లేకపోతే అక్కడే ఆగిపోతుంది, ఆ సంగతి స్క్రీన్ మీద చెప్పే నాథుడు ఉండడు. మరి లాగిన్ స్క్రీన్ ఎలా వచ్చింది అనే సందేహం సహజం. ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును రూట్ కోసం విడిగా అట్టిపెడుతుంది. డిస్క్ నిండినా రూట్‌గా నడిచే సర్వీసులకు ఆ చోటు దొరుకుతుంది, మామూలు యూజర్‌కు దొరకదు. 500 జీబీ పార్టిషన్‌లో అది 25 జీబీ. సిస్టమ్ లేచి నిలబడటం, యూజర్ మాత్రం లోపలికి రాలేకపోవడం అనే వింత పరిస్థితి వెనక అసలు కారణం చాలాసార్లు ఇదే. చోటు ఉన్నట్టు చూపిస్తూ కూడా రాయడం కుదరకపోతే అదే కమాండ్‌ను ఐ ఆప్షన్‌తో కొట్టాలి, లక్షల కొద్దీ బుల్లి ఫైళ్లు పోగుపడి, ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఖర్చయ్యే ఐనోడ్‌లు అయిపోయి ఉండొచ్చు.

నింపేవాళ్లు ఎప్పుడూ దాదాపు ఒకే ముఠా. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్‌లు రూట్ పార్టిషన్‌లోనే దాచుకుంటూ పోవడం, ఉబుంటులో స్నాప్ ప్యాకేజీల పాత వెర్షన్లు, డాకర్ వాడేవాళ్లకు పాత ఇమేజ్‌లు, ఆప్ట్ అనే ఇన్‌స్టాల్ టూల్ దింపుకుని దాచిన ప్యాకేజీలు, ఖాళీ చేయని ట్రాష్, ఒక్కోసారి హోమ్‌లోని ఎక్స్‌సెషన్ ఎర్రర్స్ అనే ఫైల్ ఏదో ప్రోగ్రామ్ ఆపకుండా ఫిర్యాదులు రాయడంతో జీబీల్లోకి పెరిగిపోవడం. జర్నల్ లాగులు కూడా తింటాయి గానీ వాటికి హద్దు ఉంది, మామూలు సెట్టింగ్‌లో ఫైల్ సిస్టమ్‌లో 10 శాతం, గరిష్ఠంగా 4 జీబీ. జర్నల్‌సీటీఎల్‌కు వాక్యూమ్ సైజ్ ఆప్షన్ ఇచ్చి వాటిని 200 ఎంబీకి తగ్గించేయొచ్చు. ఆప్ట్ క్లీన్ కొట్టడం కూడా ప్రమాదం లేని పని. వార్ కింద లిబ్ ఫోల్డర్‌లో మాత్రం చేత్తో ఏదీ తుడిచేయకూడదు, ప్యాకేజీల చిట్టా అంతా అక్కడే ఉంటుంది, అది పోతే ఆ తర్వాత ఏ రిపేరూ సాఫీగా సాగదు.

డిస్క్‌లో చోటు బాగానే ఉందనుకుంటే, కన్సోల్ నుంచే యాడ్‌యూజర్‌తో ఒక కొత్త యూజర్‌ను సృష్టించి ఆ పేరుతో గ్రాఫికల్‌గా లాగిన్ అయి చూడాలి. ఈ ఒక్క పరీక్ష అనుమానాల్లో సగాన్ని కొట్టేస్తుంది, అయినా దీన్ని చేసేవాళ్లు తక్కువ. కొత్త యూజర్‌కు డెస్క్‌టాప్ వచ్చిందంటే డ్రైవర్, డిస్‌ప్లే మేనేజర్, డెస్క్‌టాప్ ప్యాకేజీలు అన్నీ సవ్యంగా ఉన్నట్టే, తప్పంతా పాత యూజర్ హోమ్ ఫోల్డర్‌లో ఉంది. కొత్త యూజర్ కూడా వెనక్కి వచ్చేస్తే హోమ్‌లో వెతకడం దండగ, సిస్టమ్ వైపు చూడాలి.

తప్పు హోమ్‌లో ఉందనుకుందాం. డాట్ ఎక్స్‌అథారిటీ, డాట్ ఐసీఈఅథారిటీ అనే ఫైళ్లు ఎవరి పేరు మీద ఉన్నాయో ఎల్ఎస్ కమాండ్‌తో చూడాలి. గ్రాఫికల్ ప్రోగ్రామ్‌లను రూట్ హక్కులిచ్చే సుడోతో నడిపితే, ముఖ్యంగా సుడో పెట్టి స్టార్ట్ఎక్స్ కొడితే, ఈ ఫైళ్లు రూట్ సొత్తు అయిపోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత అసలు యజమానికే వాటిని ముట్టుకునే హక్కు ఉండదు, సెషన్ మొదలవదు. చౌన్ కమాండ్‌తో వాటిని తిరిగి యూజర్ పేరు మీదికి మారిస్తే సరిపోతుంది. ఇలాంటి చోట నెట్‌లో ఎక్కువగా కనిపించే సలహా, అన్నిటికీ 777 పర్మిషన్, అంటే ఎవరైనా చదివేలా, రాసేలా, నడిపేలా, ఇచ్చేయమని. ఆ సలహా పాటించకూడదు. హోమ్ మొత్తానికి అలా ఇస్తే ఎస్ఎస్‌హెచ్ తన కీలను నమ్మడం మానేస్తుంది, పొరపాటున ఈటీసీ ఫోల్డర్‌కు కూడా ఇస్తే సుడో పనిచేయడమే ఆగిపోతుంది, అప్పటికి చిన్న సమస్య కాస్తా నిజంగా రీఇన్‌స్టాల్ చేయాల్సిన స్థితికి చేరుతుంది. 777తో పని ఉన్నది ఒక్క టెంప్ ఫోల్డర్‌కే, దానికి కూడా ముందు ఒకటి చేర్చి 1777 ఉండాలి, అంటే ఎవరైనా రాయొచ్చు గానీ ఎవరి ఫైల్‌ను వాళ్లే తుడవగలరు. ఆ ఒకటి పోయినా, రాసే హక్కే పోయినా సెషన్లు రకరకాలుగా మొరాయిస్తాయి.

డాట్ ప్రొఫైల్, డాట్ ఎక్స్‌ప్రొఫైల్ లాంటి ఫైళ్లలో ఈ మధ్య ఏదైనా చేర్చారా అన్నది తర్వాతి ప్రశ్న. ఏదో టూల్ ఇన్‌స్టాల్ చేస్తూ ప్రోగ్రామ్‌లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్‌కు కొత్త ఫోల్డర్ చేర్చబోయి పాత విలువను పూర్తిగా చెరిపేస్తే, సెషన్ మొదలవడానికి కావలసిన ప్రోగ్రామ్‌లే దొరకవు. అక్కడ ఎగ్జిట్ అనే ఒక్క మాట పడినా సెషన్ మొదలవుతూనే ముగిసిపోతుంది. ఆ ఫైళ్లను తుడిచేయకుండా పేరు మార్చి పక్కనపెట్టి లాగిన్ అయి చూడాలి. అన్నిచోట్లా ఇదే పద్ధతి మంచిది. పేరు మారిస్తే తప్పు అది కాదని తేలినప్పుడు వెనక్కి తెచ్చుకోవచ్చు, తుడిచేస్తే ఆ అవకాశం ఉండదు. అప్‌గ్రేడ్ తర్వాత గ్నోమ్ కుప్పకూలి, ఏదో తప్పు జరిగిందంటూ తెల్లటి స్క్రీన్ చూపిస్తుంటే గ్నోమ్ షెల్ ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్‌కు కూడా ఇలాగే పేరు మార్చాలి, పాత వెర్షన్ కోసం రాసిన ఎక్స్‌టెన్షన్లు కొత్త గ్నోమ్‌ను పడగొట్టడం మామూలే.

ఎక్స్, వేలాండ్, పాతబడిన సలహాలు

లాగిన్ స్క్రీన్‌లో పళ్లచక్రం గుర్తు నొక్కి వేరే సెషన్ ఎంచుకోమనే సలహా మంచిదే, అది ఏ ఏడాది రాసిన సలహానో చూసుకోవాలి. స్క్రీన్ మీద విండోలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో పుట్టింది, ఈనాటికీ వాడుతున్న ఎక్స్11 వచ్చింది 1987లో. దానికి బదులుగా వేలాండ్‌ను క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ 2008లో మొదలుపెట్టాడు. ఫెడోరా 2016లో 25వ వెర్షన్‌తో గ్నోమ్‌కు వేలాండ్‌ను మామూలు సెషన్ చేసింది. ఉబుంటు 17.10లో ఒకసారి మార్చి, 18.04లో వెనక్కి వెళ్లి, 21.04లో మళ్లీ వేలాండ్‌కు వచ్చింది. చాలా ఏళ్లపాటు ఏ డిస్‌ప్లే సమస్యకైనా వేలాండ్ ఆపేసి ఎక్స్‌కు మారండి అన్నదే మొదటి సలహాగా నడిచింది. ఉబుంటు 25.10లో గ్నోమ్‌కు ఎక్స్ సెషన్‌నే తీసేశారు. అక్కడ జీడీఎం సెట్టింగ్స్‌లో వేలాండ్‌ను ఆపే పాత లైను రాస్తే లాభం లేకపోగా కొత్త తలనొప్పి. అలాగే ఎక్స్‌రాండర్‌తో రెజల్యూషన్ మార్చే చిట్కాలన్నీ ఎక్స్ కాలానివి, వేలాండ్ సెషన్‌లో అవి పట్టవు. ఏ సెషన్‌లో ఉన్నామో ఎక్స్‌డీజీ సెషన్ టైప్ అనే వేరియబుల్ చూస్తే తెలుస్తుంది, దాన్ని చూశాకే సలహా వెతుక్కోవాలి.

అప్‌డేట్ తర్వాత నల్లటి స్క్రీన్

నిన్నటిదాకా బాగుంది, అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేస్తే నల్లటి స్క్రీన్. మెషీన్‌లో ఎన్విడియా కార్డు ఉంటే కథ చాలావరకు ఊహించొచ్చు. ఎన్విడియా సొంత డ్రైవర్ కెర్నల్‌లో భాగం కాదు, బయటి మాడ్యూల్. కెర్నల్ మారిన ప్రతిసారీ దానికి తగిన మాడ్యూల్ సిద్ధంగా ఉండాలి. కొన్నిచోట్ల డిస్ట్రోనే తయారుచేసి పంపుతుంది, మిగతా చోట్ల డీకేఎంఎస్ అనే టూల్ మన మెషీన్‌లోనే కంపైల్ చేస్తుంది. కంపైల్‌కు కావలసిన కెర్నల్ హెడర్ ఫైళ్లు లేకపోయినా, బూట్ పార్టిషన్ నిండిపోయినా ఈ పని మధ్యలో ఆగిపోతుంది. ఈ బాధ కొత్తది కాదు. 2012లో ఫిన్‌లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లినస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాను ఉద్దేశించి కెమెరా ముందే వేలు చూపించి తిట్టాడు. 2022 మేలో ఆ కంపెనీ తన కెర్నల్ మాడ్యూల్స్ సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది, పరిస్థితి చాలా మెరుగైంది, అయినా మాడ్యూల్ కెర్నల్‌కు బయటే ఉంది కాబట్టి ఈ రకం సమస్య పూర్తిగా పోలేదు.

సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇంకో మెలిక ఉంటుంది. మన మెషీన్‌లో కంపైల్ అయిన మాడ్యూల్‌కు సంతకం కావాలి, ఆ సంతకం తాలూకు కీని ఫర్మ్‌వేర్ స్థాయిలో నమోదు చేయాలి. అందుకే డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ వచ్చి ఎన్‌రోల్ ఎంఓకే అని అడుగుతుంది. ఆ నీలం స్క్రీన్ చూసి టెన్షన్ పడి కంటిన్యూ బూట్ నొక్కేసేవాళ్లే ఎక్కువ. నొక్కేస్తే కీ నమోదు కాదు, కెర్నల్ ఆ మాడ్యూల్‌ను లోడ్ చేయడానికి ఒప్పుకోదు, డ్రైవర్ ఇన్‌స్టాల్ అయి ఉన్నా పనిచేయదు. మాకుటిల్ కమాండ్‌తో సెక్యూర్ బూట్ స్థితి చూడొచ్చు, కీ నమోదును మళ్లీ అడిగించొచ్చు.

ముందు మెషీన్‌ను ఎలాగోలా లేపాలి. గ్రబ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఉంటుంది, అది ఎంచుకుంటే బాగా లేచిందనుకోండి, తప్పు కొత్త కెర్నల్‌కూ డ్రైవర్‌కూ మధ్య ఉందని రుజువైపోయినట్టే. పాత కెర్నల్‌తోనూ లేవకపోతే గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ e అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర నోమోడ్‌సెట్ అని చేర్చి ఎఫ్10 నొక్కాలి. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది. అప్పుడు కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి పోకుండా ఫర్మ్‌వేర్ ఇచ్చిన ఒట్టి తెరతోనే సర్దుకుంటుంది, రెజల్యూషన్ తక్కువగా, కదలికలు నెమ్మదిగా ఉంటాయి, కానీ లోపలికి వెళ్లి డ్రైవర్ సరిచేసుకోవడానికి అది చాలు. నోమోడ్‌సెట్‌నే శాశ్వతంగా ఉంచేసుకుని, లినక్స్‌లో స్క్రీన్ ఇలాగే ఉంటుందనుకుని ఏళ్లతరబడి సర్దుకుపోయేవాళ్లు ఉన్నారు, అది అన్యాయం. డ్రైవర్‌ను కంపెనీ సైటు నుంచి నేరుగా దింపి ఇన్‌స్టాల్ చేసే కంటే డిస్ట్రో ప్యాకేజీగా పెట్టుకోవడమే మేలు, తర్వాతి కెర్నల్ అప్‌డేట్ బాధ్యతను డిస్ట్రో చూసుకుంటుంది. పాత ఎన్విడియా కార్డులవాళ్లు ఒకటి గమనించాలి, కెప్లర్ తరం కార్డులకు 470 సిరీస్ డ్రైవరే చివరిది, దానికంటే కొత్తది పెడితే ఏమీ రాదు.

ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి కాబట్టి ఈ గొడవ తక్కువ. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లో పాత కెర్నల్ ఉన్న డిస్ట్రో వేస్తే మాత్రం అవీ తడబడతాయి, చిప్‌ను గుర్తుపట్టే కోడో ఫర్మ్‌వేర్ ఫైలో అందులో ఉండదు. డెబియన్ 2022లో ఓటింగ్ పెట్టుకుని మరీ 2023 నాటి 12వ వెర్షన్ నుంచి ఫ్రీ కాని ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చింది. సిద్ధాంతం విషయంలో అంత పట్టుదల ఉన్న ప్రాజెక్టు ఈ నిర్ణయం తీసుకుందంటే, ఫర్మ్‌వేర్ లేక నల్లటి తెరల ముందు కూర్చున్నవాళ్ల కష్టం ఎంతదో అర్థమవుతుంది.

స్క్రీన్ పూర్తిగా నల్లగా ఉందనిపిస్తే ఫోన్ టార్చి వేసి ఏటవాలుగా చూడటం కూడా మంచిది. మసకగా లాగిన్ స్క్రీన్ కనిపిస్తే డ్రైవర్ బాగానే ఉంది, బ్యాక్‌లైట్ సున్నాకు పడిపోయింది, వెలుతురు పెంచే కీ నొక్కాలి. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్క్రీన్ మిణుకుమిణుకుమంటుంటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనే కరెంటు ఆదా సదుపాయాన్ని ఐ915 డ్రైవర్ పారామీటర్‌తో ఆపి చూడాలి. బయటి మానిటర్‌లో 1024 బై 768కి మించి రాకపోతే సాఫ్ట్‌వేర్ కంటే ముందు కేబుల్‌ను, కన్వర్టర్‌ను అనుమానించాలి. మానిటర్ తన సామర్థ్యాలను ఎడిడ్ అనే 128 బైట్ల సమాచారంలో చెబుతుంది, చవక వీజీఏ కన్వర్టర్లు కొన్ని దాన్ని అవతలికి చేరనివ్వవు. ఇక అంతా బాగుండి తెలుగు అక్షరాలు మాత్రం డబ్బాలుగా కనిపిస్తే అది డ్రైవర్ సంగతే కాదు, ఫాంట్ లేదు. డెబియన్, ఉబుంటులలో ఫాంట్స్ టెలు ప్యాకేజీ వేస్తే లోహిత్ తెలుగుతో పాటు మరికొన్ని ఫాంట్లు వస్తాయి.

లాగ్ చదవడం

పై అనుమానాలన్నిటినీ రుజువు చేసేది లాగే. ఒక పద్ధతి ప్రకారం చదివితే అది అంత భయపెట్టదు. గ్రాఫికల్ లాగిన్ ఒకసారి ప్రయత్నించి, వెనక్కి తోసేయగానే కన్సోల్‌లోకి వెళ్లి జర్నల్‌సీటీఎల్‌తో గత రెండు నిమిషాల లాగ్ మాత్రమే తెప్పించుకోవాలి. వేల లైన్ల స్థానంలో ఒక పేజీ, రెండు పేజీలు వస్తాయి. కింది నుంచి కాదు, పై నుంచి చదవాలి, ఎందుకంటే మొదట కూలినదాని వల్లే తర్వాతవి వరసగా కూలుతాయి, చివరన ఎర్రగా కనిపించేది తరచూ పర్యవసానమే తప్ప కారణం కాదు. స్క్రీన్ పూర్తిగా ఇరుక్కుపోయి బలవంతంగా ఆపాల్సి వస్తే, తర్వాతి బూట్‌లో బీ ఆప్షన్‌కు మైనస్ 1 ఇచ్చి అంతకుముందు బూట్ లాగ్ చదవొచ్చు. ఏసీపీఐ బయోస్ ఎర్రర్ అంటూ ప్రతి బూట్‌లో కనిపించే ఎర్ర లైన్లను చూసి బెదరక్కర్లేదు, అన్నీ బాగున్న రోజున కూడా అవి అక్కడే ఉంటాయి. అందుకే సిస్టమ్ బాగున్నప్పుడు ఒకసారి లాగ్ చూసి ఉంచుకుంటే తేడా తేలిగ్గా దొరుకుతుంది.

లాగిన్ స్క్రీన్ రాకుండా ఎమర్జెన్సీ మోడ్ అని ఆగిపోతే ముందుగా బూట్‌లో తగిలించాల్సిన డిస్క్‌ల జాబితా ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్ చూడాలి. తీసేసిన హార్డ్‌డిస్క్ తాలూకు లైను అందులో మిగిలిపోతే సిస్టమ్‌డీ దానికోసం 90 సెకన్లు ఎదురుచూసి చేతులెత్తేస్తుంది. ఆ లైనుకు ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీస్టార్ట్ చేస్తే సరి. ఎప్పుడూ తగిలించి ఉంచని డిస్క్‌లకు నోఫెయిల్ ఆప్షన్ రాసుకోవాలి.

లాగ్‌లో ఐఓ ఎర్రర్ అని డిస్క్ పేరుతో సహా మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం పైన చెప్పిన పనులేవీ చేయకూడదు. డిస్కే పోతోందేమో అని అనుమానించాలి, దాని మీద చేసే ప్రతి రాత, ప్రతి రిపేర్ ప్రయత్నం దాన్ని పూర్తిగా పాడయ్యే స్థితికి ఇంకా దగ్గర చేయొచ్చు. మెషీన్ ఆపేసి, లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఆ పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే వీలుగా మౌంట్ చేసి, ఫొటోలు, డాక్యుమెంట్లు ముందు వేరే డిస్క్‌లోకి తీసుకోవాలి. లాగిన్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.